పాంపేయి పాఠంలో మా నానమ్మ మండువా

బోర్డు మీద మా ప్రాచీన చరిత్ర టీచర్ పాంపేయి అనే పాత రోమన్ ఊళ్ళోని ఒక ఇల్లు గీశారు. చుట్టూ గదులు, మధ్యలో పెద్ద హాలు, ఆ హాలు పైకప్పుకి నలుచదరంగా ఒక ఖాళీ. దాని కింద నేల మీద, ఇంచుమించు అంతే కొలతలో, జానెడు లోతు పల్లం. పైన ఖాళీ పేరు కంప్లూవియం, కింద పల్లం పేరు ఇంప్లూవియం, హాలు పేరు ఏట్రియం అని పక్కనే రాశారు.

"కప్పు లేకపోతే వానంతా ఇంట్లోనే పడుతుంది కదా మిస్?" అని ఒకబ్బాయి అడిగాడు.

"పడాలనే అలా కట్టుకున్నారు," అన్నారావిడ. నాలుగు వైపుల కప్పూ లోపలికే వాలి ఉంటుందని చేతులతో చూపించారు. అయినా క్లాసులో సగం మందికి ఆ ఇల్లు కళ్ళకి కట్టలేదు.

నాకు కట్టింది. అది మా నానమ్మ ఇల్లు.

2010 అక్టోబర్ సంగతి ఇది. సిడ్నీలో అప్పుడే పన్నెండో తరగతి మొదలైంది. మేం కోనసీమ నుంచి అక్కడికి వెళ్ళి మూడేళ్ళు కావస్తోంది. క్లాసులో నోరు తెరవాలంటే నాకు టెన్షన్. నా యాస అర్థంకాక ఎవరైనా "ఏంటీ?" అని మళ్ళీ అడిగితే, ఇక ఆ రోజంతా మాట్లాడేదాన్ని కాదు. అలాంటిది ఆ రోజు చెయ్యి దానంతటదే లేచింది. "మిస్, మా నానమ్మ వాళ్ళ ఇల్లు ఇలాగే ఉంటుంది," అన్నాను. ఆవిడ మార్కర్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

రోమన్ ఇంటి పక్కనే మండువా లోగిలి గీశాను. వాన మొదలైతే పెంకుల మీద నుంచి నీళ్ళు ఎలా జారతాయో, నాలుగు మూలల్లో నాలుగు ధారలు ఎలా కడతాయో చెప్పాను. మొదట పడ్డ నీళ్ళు కప్పు కడిగిన మురికితో వస్తాయి కాబట్టి వాటిని తూములోంచి పెరట్లో కొబ్బరి చెట్లకి వదిలేస్తారనీ, ధార తేటపడ్డాకే నానమ్మ గంగాళాలూ బిందెలూ పెడుతుందనీ చెప్పాను. "ఆ నీళ్ళు దేనికి వాడేవారు?" అని టీచర్ అడిగారు. "పప్పు ఉడకడానికి," అన్నాను. మా ఊళ్ళో బావి నీళ్ళు కాస్త ఉప్పన, పప్పు ఒక పట్టాన ఉడకదు. వాన నీళ్ళయితే ఇట్టే ఉడికిపోతుంది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ ఆ మాటని బోర్డు మీద రాసి, పాంపేయిలో కూడా ఇంప్లూవియం నీళ్ళు నేల కింద తొట్టిలోకి పోయేవనీ, పైన బావికి కట్టినట్టు చిన్న గట్టు కట్టి చేదుకునేవారనీ, ఊరికి కాలువ నీళ్ళు వచ్చాక కూడా చాలా ఇళ్ళు ఈ వాన తొట్టెలని వదులుకోలేదనీ చెప్పారు.

ఆ గంట తర్వాత ఆ సబ్జెక్టు నాకు పరాయిది కాలేదు.

సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో పన్నెండో తరగతి చివర రాసే పరీక్షని హెచ్ఎస్‌సీ అంటారు. అక్కడ ఇంగ్లీషు ఒక్కటే అందరికీ తప్పనిసరి, మిగతావి మనిష్టం. నేను లెక్కలతో, కెమిస్ట్రీతో పాటు ప్రాచీన చరిత్ర తీసుకున్నాను. ఇంట్లో కొంచెం చర్చ జరిగింది, అమ్మ నా పక్షాన నిలబడింది, అంతటితో అయిపోయింది. ఆ సబ్జెక్టులో "విసువియస్ నగరాలు: పాంపేయి, హెర్క్యులేనియం" అనే భాగం అందరూ చదవాల్సిందే. వందలో 25 మార్కులు దానివే. రాజులూ యుద్ధాలూ కాదు, ఒక ఊళ్ళో జనం ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, గోడల మీద ఏం రాసుకున్నారు, నీళ్ళెలా తెచ్చుకున్నారు, ఇవీ ప్రశ్నలు. చరిత్ర అంటే ఇది కూడానా అని ఆశ్చర్యపోయాను. ఊళ్ళో ఎనిమిదో తరగతి దాకా నేను బట్టీపట్టిన చరిత్రలో వంటిల్లు ఎక్కడా లేదు.

క్రీస్తుశకం 79లో విసువియస్ అగ్నిపర్వతం పేలి ఈ రెండు ఊళ్ళనీ పూడ్చేసింది. పాంపేయి మీద బూడిద, నురగరాళ్ళు కురిశాయి. హెర్క్యులేనియంని సలసలా కాగే బూడిద మేఘాలు వచ్చి కమ్మేశాయి. ఆ వేడికి అక్కడ చెక్క బొగ్గయి, అలాగే నిలిచిపోయింది. తలుపులు, మంచాలు, ఒక పసిబిడ్డ ఊయల కూడా దొరికాయి. ఆ ఊయల ఫోటో చూసిన రోజు రాత్రి నేను సరిగ్గా అన్నం తినలేదు.

అమ్మ వంట చేస్తుంటే నేను ఎదురుగా కూర్చుని పాఠం అప్పజెప్పేదాన్ని. లాటిన్ పేర్లు నాకు నోరు తిరిగేవి కావు, అమ్మకి అసలే తిరిగేవి కావు. అయితే ప్రతిదానికీ అమ్మ దగ్గర ఒక తెలుగు మాట ఉండేది. పాంపేయి రొట్టెల కొట్లలో లావారాతితో చేసిన పెద్ద పెద్ద తిరుగుడు రాళ్ళు ఉంటాయి. కింద గంటలాంటి రాయి, దాని మీద నడుం సన్నగా ఉన్న ఇంకో రాయి బోర్లించినట్టుంటుంది. పైన గోధుమలు పోస్తే కింద పిండి రాలుతుంది. గాడిదలు చుట్టూ తిరిగి దాన్ని తిప్పేవి. "అంటే రాయేమో తిరగలి, తిప్పడమేమో గానుగలాగా," అంది అమ్మ, కూర కలుపుతూనే. పరీక్షలో ఇంగ్లీషులో ఎలా రాసినా, నా బుర్రలో మాత్రం అది అమ్మ చెప్పినట్టే ఉండిపోయింది.

ఇళ్ళ పాఠంలో అయితే ఇద్దరం పోటీ పడేవాళ్ళం. ఏట్రియంలో ఇనప పట్టీలు కొట్టిన పెద్ద పెట్టె పెట్టుకునేవారు, వచ్చినవాళ్ళకి ఇంటి కలిమి కనబడేలా. పాంపేయిలో వెట్టియై ఇల్లని పేరున్న ఇంట్లో అలాంటివి రెండున్నాయి. "భోషాణం," అంది అమ్మ. కొన్ని ఇళ్ళ ముందు వీధి గోడకి ఆనించి రాతి తిన్నెలు కట్టి ఉంటాయి. పొద్దున్నే పెద్దమనిషిని చూడటానికి వచ్చినవాళ్ళు పిలుపు వచ్చేదాకా వాటి మీద కూర్చునేవారని టీచర్ చెప్పారు. "వీధరుగులు," అన్నాం ఇద్దరం ఒకేసారి. మా తాతయ్య కరణంగా పనిచేశారు. 1984లో ప్రభుత్వం ఆ పదవులు తీసేసింది. అయినా ఆయన పోయేదాకా పొద్దున పూట మా అరుగు ఖాళీగా ఉండేది కాదట. పొలం గట్టు తగాదాలూ, దస్తావేజు చదివించుకోవడాలూ, ఏమీ లేకపోతే ఊరికే కూర్చోవడాలూ.

ఇంకోటి నాకు మరీ నచ్చింది. వీధి గుమ్మంలో నిలబడి చూస్తే ఏట్రియం మీదుగా, దాని వెనక గదిలోంచి, పెరటి తోట స్తంభాల దాకా చూపు ఆగకుండా పోయేలా కట్టేవారు. మా ఇంట్లోనూ వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా అన్ని గుమ్మాలూ ఒకే వరసలో ఉంటాయి. చిన్నప్పుడు వీధిలోంచి బంతి విసిరితే పెరట్లో పడేది. రోమన్లు మన దగ్గర నేర్చుకున్నారనో, మనం వాళ్ళ దగ్గర నేర్చుకున్నామనో నేను అనట్లేదు. ఎండా వానా ఉన్న చోట, పది మంది కలిసి బతికే ఇంట్లో, మనుషులకి ఒకేలాంటి ఆలోచన వచ్చి ఉంటుంది. అది నాకు ఇచ్చిపుచ్చుకోవడం కంటే గొప్పగా అనిపించింది.

ఇచ్చిపుచ్చుకోవడం అసలు లేదని కాదు. పెద్ద ప్లినీ అనే రోమన్ రచయిత, ఇండియా ఏటా రోము నుంచి 5 కోట్ల సెస్టర్సులు, అంటే వాళ్ళ నాణేలు, లాగేస్తోందని తన గ్రంథంలో వాపోయాడు. మిరియాల మీద అయితే ఆయనకి ఒళ్ళుమంట. ఘాటు తప్ప ఇంకే గుణమూ లేనిదాన్ని వెండిబంగారాల్లా తూచి కొంటున్నారే అని. ఆ డబ్బు ఎటు పోయిందో మన నేలే చెబుతుంది. వినుకొండలో, నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. విసువియస్ పేలినప్పుడు ఓడలేసుకుని జనాన్ని కాపాడటానికి వెళ్ళి, స్టాబియే తీరాన చచ్చిపోయిన నౌకాధిపతి కూడా ఈయనే.

ఆ రోజు ఏం జరిగిందో రాసిపెట్టింది ఆయన మేనల్లుడు, చిన్న ప్లినీ. తర్వాతెప్పుడో చరిత్రకారుడు టాసిటస్‌కి రాసిన రెండు ఉత్తరాల్లో అదంతా ఉంది. కొండ మీద లేచిన మేఘం గొడుగులాంటి పైన్ చెట్టులా ఉందని రాశాడు. అప్పుడతనికి 17 ఏళ్ళు. మేనమామ తనతో రమ్మంటే, చదువుకునే పని ఉందని తాముండే మిసీనమ్ రేవులోనే ఉండిపోయాడు. ఆ రాత్రి భూమి కంపిస్తుంటే ఇంటి ముందు కూర్చుని లివీ రాసిన రోము చరిత్ర తెప్పించుకుని, అందులోంచి నోట్సు రాసుకుంటూ కూర్చున్నాడు. ఇలా కూర్చున్నావేమిటని ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన కోప్పడినా లేవలేదు. అది ధైర్యమో తెలివితక్కువతనమో తనకే తెలియదని రాసుకున్నాడు. ఆ ఉత్తరం చదివేటప్పుడు నాకూ దాదాపు అదే వయసు. నోట్సు రాసుకోవడం తప్ప ఇంకేం చెయ్యాలో తెలియని పిల్లవాడు నాకు బాగా తెలిసినవాడిలా కనబడ్డాడు. రోమన్ చక్రవర్తి నీరో తల్లి అగ్రిప్పీనా మీద మాకున్న పాఠంలో హత్యలూ కుట్రలూ బోలెడున్నాయి. నీరో పంపిన ఓడ కూలిపోతే ఆవిడ ఈదుకుంటూ ఒడ్డుకి రావడం లాంటివి. అవేవీ ఈ పిల్లవాడంత దగ్గరగా రాలేదు నాకు.

ఒక వారం మొత్తం శవాల గురించి మాట్లాడుకున్నాం. గట్టిపడిన బూడిదలో మనుషులు కుళ్ళి కరిగిపోయిన చోట ఆ మనిషి ఆకారంలోనే ఖాళీ మిగిలింది. 1863లో జుజెప్పే ఫియోరెల్లి ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోయించి, గట్టిపడ్డాక చుట్టూ బూడిద తీసేయించాడు. మొహానికి చేతులడ్డం పెట్టుకున్నవాళ్ళు, బోర్లా పడుకున్నవాళ్ళు బయటికొచ్చారు. లోపల ఎముకలు అలాగే ఉన్నాయి. వీటిని అద్దాల పెట్టెల్లో పెట్టి చూపించవచ్చా? మా సిలబస్‌లోనే ఉన్న ప్రశ్న అది. టీచర్ ఆస్ట్రేలియా సంగతి కూడా తెచ్చారు. ముంగో సరస్సు దగ్గర 1968లో బయటపడ్డ వేల ఏళ్ళ నాటి ఆదివాసీ స్త్రీ అవశేషాలని 1992లో ఆవిడ వారసులకి తిరిగి ఇచ్చేశారు. ఆవిడని దహనం చేశారని టీచర్ చెప్పినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. మనకి తెలిసినంతలో అతి పాత దహనాల్లో అదొకటి.

ఆ ఆదివారం ఫోన్లో నానమ్మకి ఇదంతా చెప్పాను. ఊరంతా ఒక్కసారే పోయిందని చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే వాళ్ళకి కర్మ ఎవరు చేశారే?" అంది.

మర్నాడు క్లాసులో ఆ ప్రశ్నే ఇంగ్లీషులో అడిగాను. కర్మ అనే మాటకి ఇంగ్లీషులో వేరే అర్థం స్థిరపడిపోయింది కాబట్టి, పోయినవాళ్ళకి ఇంటివాళ్ళు చేయాల్సినవి అని విడమరిచి చెప్పాను. చెయ్యడానికి ఎవరూ మిగల్లేదు. చూసేవాళ్ళు మాత్రం ఏటా లక్షల్లో వస్తారు. మా టీచర్ జవాబు చెప్పలేదు, మా చేత వ్యాసం రాయించారు. చూపించవచ్చు అని రాశాను నేను. వాళ్ళని చూడకపోతే ఆ ఊరి బాధ నాకు తెలిసేది కాదు. ఇప్పటికీ అదే అంటాను, కానీ నానమ్మ ప్రశ్న వినబడకుండా ఆ ఫోటోలు చూడలేను.

నవంబర్ 6న పాంపేయిలో స్కోలా ఆర్మతురారుమ్ అనే కట్టడం కూలిపోయింది. వార్తల్లో దాన్ని గ్లాడియేటర్ల ఇల్లు అన్నారు. విసువియస్‌కి కాదు, వానలకి. 1943లో బాంబులు పడి దెబ్బతింటే తర్వాత కాంక్రీటు కప్పు వేసి నిలబెట్టారు. ఆ బరువు మీద నానిన మట్టి తోసుకొచ్చేసరికి తెల్లవారుజామున కుప్పకూలింది. టీచర్ పేపర్ పట్టుకుని క్లాసుకొచ్చారు. ఆవిడ గొంతు బొంగురుపోయి ఉంది. "బూడిద కింద ఉన్నన్నాళ్ళూ భద్రంగా ఉంది. మనం తవ్వి బయటికి తీశాక రెండోసారి చస్తోంది," అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు. మా ఇంటి పడమటి వైపు దూలం చెదపట్టిందని అంతకుముందు నెలే బాబాయి ఫోన్లో నాన్నతో అన్నాడు.

డిసెంబర్ సెలవులకి ఊరెళ్ళాం. నేను గ్రాఫు కాగితాలు, టేపు పట్టుకెళ్ళాను. పాంపేయి ఇళ్ళకి గీసినట్టే మా ఇంటికీ ప్లాను గీయాలని. టేపు రెండో కొస పట్టుకోవడానికి మా పాత పాలేరు వచ్చాడు. ఆయనకి టేపు మీద గురి లేదు. నేను మీటర్లలో చెప్పగానే, తను రెండు చేతులూ బారజాపి స్తంభం నుంచి స్తంభానికి కొలిచి, "రెండు బారలూ ఓ మూరండి అమ్మాయిగారూ, రాసుకోండి," అనేవాడు. రెండూ రాసుకున్నాను. మండువా పల్లం 2 మీటర్ల 70, పొడవు. వెడల్పు 2 మీటర్ల 10. టేకు స్తంభాలు ఎనిమిది. దేవుడి గూడు వంటింటి గోడకి, నేల నుంచి నా భుజం ఎత్తులో. వెట్టియై ఇంట్లోనూ వంటింటి పక్క చిన్న ఏట్రియంలోనే దేవుడి గూడు ఉంటుంది, కింద పెద్ద పాము బొమ్మ. ఇంటిని కాచే పాము అది. ఆ ఫోటో చూపిస్తే నానమ్మకి వింతేమీ అనిపించలేదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనిషికి అందులో వింతేముంది.

1938లో పాంపేయిలో దొరికిన దంతపు బొమ్మని మాత్రం చాలాసేపు చూసింది. అది ఇండియాలో చేసిన బొమ్మ. లక్ష్మి అని పేరు పడింది గానీ యక్షిణి కావచ్చనే పండితులు ఉన్నారు. ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. నానమ్మ ఆ తర్కం జోలికి పోలేదు. పుస్తకం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "ఆ కడియాలు చూడు, మోచేతుల దాకా. జడ ఎంత పొడుగో," అని వేలితో కిందదాకా రాసింది.

మేం ఉండగా రెండు రోజులు ముసురు పట్టింది. నాలుగు మూలల ధారలూ మొదలయ్యాయి. నేను ప్లాను పక్కన పడేసి మండువా అంచున కూర్చున్నాను. పల్లంలో నీళ్ళు ముందు తూము వైపు పాకుతాయి, ఆకులు అడ్డం పడితే ఆగి చుట్టూ చెరువు కడతాయి, నానమ్మ చీపురు పుల్లతో తూములో కెలికితే గుడగుడమని చప్పుడు చేస్తూ పోతాయి. చిన్నప్పుడు వంద సార్లు చూసింటాను. కానీ చప్పుడు తూములో ఎక్కడ మారుతుందో విన్నది అప్పుడే. తడిసిన పెంకు వాసన, పడమటి దూలం దగ్గర గోడ మీద తేమ మరక. ఆ మరకని కూడా ప్లానులో చుక్కలతో గుర్తుపెట్టాను.

ప్లాను పూర్తయ్యాక నానమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, తిప్పి తిప్పి చూసింది. "వీధి గుమ్మం ఇదా? ఇది గాదె గది. సరే. ఇందులో నేనెక్కడున్నానే?" అంది.

ప్లానులో మనుషుల్ని గీయరు నానమ్మా అనబోయి ఆగాను. తూర్పు వైపు మూడో స్తంభం దగ్గర ఆవిడ రోజూ కత్తిపీట వేసుకుని కూరలు తరుగుతుంది. వీపు ఆన్చీ ఆన్చీ ఆ స్తంభం అక్కడ నున్నగా మెరుస్తుంటుంది. దాని పక్కన పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టాను.

2011 అక్టోబర్లో పరీక్ష రాశాను. మంచి మార్కులే వచ్చాయి. ఫలితాలు వచ్చాక టీచర్‌కి ఆ ప్లాను జిరాక్సు ఇస్తే, అది చాలా రోజులు ఆవిడ గదిలో, పాంపేయి మ్యాపు పక్కన ఉంది.

ఇల్లు 2014లో తీసేశారు. దూలం మార్చడానికి అడిగిన డబ్బుకి కొత్త ఇల్లే వస్తుందన్నారు మేస్త్రీలు. నాన్నా బాబాయీ ఎన్నాళ్ళో తటపటాయించి, చివరికి ఒప్పుకున్నారు. నేను వాళ్ళని తప్పు పట్టను. అందులో ఎనభై ఏళ్ళ మనిషి ఉంటోంది, కప్పు ఎప్పుడు కూలుతుందో తెలియదు. టేకు స్తంభాలు ఎవరో కొనుక్కుపోయారు. నానమ్మని బాబాయి కాకినాడలో వాళ్ళ ఫ్లాటుకి తీసుకెళ్ళాడు.

ఆ నెలలో ఒక రాత్రి ఫోన్ చేసింది. "నువ్వు గీసిన కాయితం ఉందా?" అంది.

"ఉంది నానమ్మా."

"నా స్తంభం దగ్గర సున్నా ఉందా?"

తీసి చూశాను. పెన్సిల్ గీత కాస్త వెలిసింది గానీ ఉంది. అదే చెప్పాను.

"అయితే వీధరుగు మీద, గుమ్మానికి ఎడంపక్క, ఇంకో సున్నా పెట్టు. మీ తాతయ్యకి."

ఫోన్ భుజానికి నొక్కిపట్టుకుని, పెన్సిల్ వెతికి, పెట్టాను.